సముద్రం లేని దేశంలో చమురు

ఆ శుక్రవారం సాయంత్రం మావారు ఫోన్ చేసినప్పుడు ఆయన మాట మరీ స్పష్టంగా వినిపించింది. నాకు భయం అక్కడే మొదలైంది.

అప్పటిదాకా ఆయన గొంతు ఎప్పుడూ ఒంటరిగా వచ్చేది కాదు. వెనక చమురు బావి తవ్వే రిగ్గు ఇంజన్ల మోత ఉండేది. రాత్రీ పగలూ ఆగని మోత. దాని మీద తేలుతూ వచ్చే మాటలు సగం వినిపించేవి, మిగతా సగం నేనే పూరించుకునేదాన్ని. పిల్లలకైతే ఆ మోత కూడా నాన్నలో భాగమే. చిన్నది బొమ్మ ఫోన్‌తో నాన్న ఆట ఆడేటప్పుడు ముందు గొంతులో "ఘుర్ర్" అని కాసేపు చేసి, ఆ తరవాతే "హలో" అనేది. ఆ సాయంత్రం మోత లేదు. ఆయన దగ్గర ఎక్కడో వేళకాని వేళ కోడి కూసింది. ఎవరో చీపురుతో నేల ఊడుస్తున్న చప్పుడు కూడా తెలిసింది.

"అందరూ బాగున్నారా?" అన్నారు, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా.

"బాగానే ఉన్నాం. మీ వెనక ఏం వినబడట్లేదేంటండీ?"

"ఆపేశారోయ్. డీజిల్ లేదు."

బాల్కనీలో గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాను. ఎదురుగా గుణదల కొండ మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆ వారమే ఆయన పనిచేసే దేశం తమకు చమురు దొరికిందని లోకమంతటికీ చాటింది. చాటిన ఆ బావి దగ్గరే ఇంజన్లలో పోయడానికి చుక్క డీజిల్ లేదు. ఇంకెవరైనా చెబితే నవ్వేదాన్ని. అక్కడ ఉన్నది మావారు.

ఆయనది కృష్ణా జిల్లాలో కాలువ చిట్టచివర ఉండే ఊరు. చదువయ్యాక మన తీరంలోనే రిగ్గుల మీద పని నేర్చుకున్నారు. గొట్టం భూమిలోకి దిగేకొద్దీ బురదతో పాటు లోపలి రాళ్ళు ముక్కలై పైకొస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, చీకటి గదిలో ఊదారంగు దీపం కింద పెట్టి చూడటమే ఆయన ఉద్యోగం. చమురు తగిలిన రాయి ఆ వెలుతుర్లో లేత పసుపుగా మెరుస్తుందట. "మిణుగురు పొట్టలా ఉంటుందోయ్," అని పెళ్ళయిన కొత్తలో చెప్పారు. ఆ రోజు నుంచి నాకు భూమి లోపల అంటే చీకటి కాదు. పిల్లల్ని పడుకోబెట్టి నేనూ కళ్ళు మూసుకుంటే, మా మంచం కింద, అపార్ట్‌మెంటు పునాది కింద, ఏలూరు కాలువ అడుగున, ఇంకా కిందికి, ఎవరూ లెక్కపెట్టని మిణుగురులు రెక్కలు ముడుచుకుని పడుకున్నట్టు ఉంటుంది.

ఆయన వెళ్ళిన దేశం పేరు ఇక్కడ రాయను. దానికి సముద్రం లేదు, అంతవరకూ తెలిస్తే చాలు. ఆయన విమానం ఎక్కిన వారంలోనే మా పెద్దది స్కూలు అట్లాసు నా ముందు పెట్టి ఆ దేశం చుట్టూ వేలు తిప్పింది. అన్నివైపులా వేరే దేశాల రంగులే. నీలం ఎక్కడా తగల్లేదు.

"అమ్మా, మరి వీళ్ళ నది ఎక్కడికి పోతుంది?"

కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లకి రావలసిన సందేహమే. ఇక్కడ ప్రతి కాలువా, ప్రతి మురుగుబోదీ సముద్రం కేసే నడుస్తుంది. వాళ్ళ నది పోయి ఒక సరస్సులో పడుతుందని ఆయన చెప్పారు. ఆ సరస్సులో సగం వీళ్ళది, సగం పక్కదేశానిది. సగమంటే ఎక్కడిదాకా అన్నది తాతల నాటి తగాదా. ఆ పక్కదేశానికే సముద్రముంది, రేవుంది. వీళ్ళకి ఉప్పు రావాలన్నా, మందులు రావాలన్నా, పెట్రోలు రావాలన్నా ఆ రేవులో దిగి, ఆ దేశం రోడ్డు మీద లారీల్లో రావలసిందే.

సోమవారం నాడు ఆ దేశాధ్యక్షుడు ఒక గాజు సీసాని రెండు చేతులా పట్టుకుని టీవీలో కనిపించాడు. సీసాలో నల్లగా, చిక్కగా ఉంది. మన తెలుగు చానళ్ళు కూడా ఒక నిమిషం చూపించాయి. ఆ నిమిషంలో వెనక కనిపించిన రిగ్గుని ఊళ్ళో మా మావయ్యగారు గుర్తుపట్టేశారు. కొడుకు పంపిన ఫొటోలు చూసి చూసి ఆయనకి ఆ ఇనుప కట్టడం తమ గడ్డివామంత పరిచయం.

ఆ రాత్రి మావారు ఫోన్లో చెప్పింది మాత్రం వేరు.

"ఆనవాలు తగిలిందోయ్, అంతే. రాళ్ళు కొన్ని మెరిశాయి. ఇంకో రెండు మూడు బావులు తవ్వితేగానీ ఉందో లేదో చెప్పలేం."

"మరి ఆ సీసా?"

"ఎక్కడిదో! మా బావిలోదైతే కాదు. ఆలు లేదు, చూలు లేదు…"

"అప్పుడే కొడుకు పేరు పెట్టేశారా?"

"పేరేంటి, కొడుక్కి సంబంధాలు కూడా వచ్చేస్తున్నాయి."

సంబంధాల వాళ్ళంతా రాజధానిలో ఉన్న ఒకే ఒక మంచి హోటల్లో దిగారట. ఒక్కో పెద్ద దేశం వాళ్ళది ఒక్కో బల్ల. ఒక బల్ల వాళ్ళు ఇంకో బల్ల కేసి చూడరు. అందరి దగ్గరా అదే పటం, దాని మీద గీత మాత్రం వేరు. పైపు తూర్పుగా పక్కదేశపు రేవుకి పోవాలని ఒకళ్ళు, అక్కర్లేదు దక్షిణంగా తిప్పుదామని ఒకళ్ళు, ఎడారి దాటించి పడమరకి తీసుకెళ్తాం, ఖర్చు మాదే అని మరొకళ్ళు. పైపు ఎవరి నేలమీదుగా పోతే వాళ్ళ చెయ్యి పైనుంటుంది. చమురు ఇంకా లేదు. దాని దారి కోసం కొట్లాట అప్పుడే ఉంది.

"ఇంకో బావి తవ్వి చూసుకోవచ్చు కదండీ?" అన్నాను.

"తవ్వితే లేదని తేలొచ్చు. తేలకముందైతే అప్పు పుడుతుంది, పక్కదేశం దగ్గర మాట చెల్లుతుంది, వచ్చే ఎన్నికల్లో ఓట్లు పడతాయి. ఎందుకు తవ్వుతారు?"

రేవున్న దేశం మాత్రం ఊరికే చూస్తూ కూర్చోలేదు. సరస్సు పక్కన దొరికిన చమురులో సగం మాదంది. అది తేలేదాకా రోడ్డు మీద టాంకర్లు కదలవంది. అలా ఆ దేశంలో చమురు పండగ మొదలైన వారంలోనే పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. అంగళ్ళలో రిగ్గు బొమ్మల చొక్కాలు అమ్ముడుపోతున్నాయి. ఆ చొక్కాలేసుకునే జనం ఖాళీ డబ్బాలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. చివరికి మావారి రిగ్గు కూడా ఆగిపోయింది.

ఇదంతా ఆయన చెబుతుంటే నాకు వార్తలా వినిపించలేదు. పల్చటి నిద్రలో వచ్చే కలలా ఉండేది. మొదటికీ చివరకీ పొంతన ఉండదు, అయినా మధ్యలో మనవాళ్ళొకరు నిలబడి ఉంటారు.

ఈ లోపల ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. అధ్యక్షుడి సీసా టీవీలో వచ్చిన మర్నాడే మావయ్యగారు తెల్లవారు బస్సుకి విజయవాడ దిగారు, ఇస్త్రీ చొక్కాలో.

"అమ్మాయ్, గవర్నర్‌పేటలో ఫ్లెక్సీలు వేసే షాపు చూపించు."

"ఆయన ఇంకా ఎవరికీ చెప్పొద్దన్నారండీ మావయ్యగారూ."

"టీవీలో చెప్పింది మనం చెప్పకూడదేంటమ్మా?"

ఆటోలో తీసుకెళ్ళాను. షాపులో కంప్యూటరు ముందున్న మనిషి మావారి పెళ్ళి ఫొటో చూసి, బాసికం చెరిపేసి, మెడకింద ఎవరిదో నీలం సూటు అతికించాడు. చేతులు కట్టుకున్న సూటు.

"ఏం రాయమంటారు బాబాయిగారూ?"

"విదేశంలో చమురు బావి దగ్గర ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి…"

"అలా రాస్తే ఎవరు చూస్తారండీ? మొన్న ఒకాయన కొడుకు పదో తరగతి పాసైతేనే వెనకాల సింహాన్ని పెట్టాం. మీవాడు ఏకంగా ఆయిల్ కనిపెట్టాడు!"

"కనిపెట్టాడు అనొచ్చంటావా?"

"ఇది ఫ్లెక్సీ అండీ, అఫిడవిట్టు కాదు."

మావయ్యగారు ఒక్క క్షణం నాకేసి చూశారు. తరవాత తెర మీద మెరుస్తున్న కొడుకు మొహం కేసి చూశారు.

"ఎడారి గర్భంలో చమురు కనుగొన్న మన ఊరి ముద్దుబిడ్డ" అని ఎర్రక్షరాల్లో పడింది. వెనక నిప్పు చిమ్మే బావి. బుధవారానికి అది ఊరి సెంటర్లో, కూల్‌డ్రింక్ షాపు మీద ఎక్కింది. మా వైపు ఫ్లెక్సీ మీద మాటని ఎవరూ మాటగా పట్టుకోరు. కాలేజీ మెట్లెక్కని కుర్రాడు యువకెరటం అవుతాడు, బోరు వేయించినాయన అపర భగీరథుడవుతాడు. అందరూ చూస్తారు, సంతోషిస్తారు, వానకి రంగు వెలిసిపోతుంది. అంతవరకే దాని ఆయుష్షు. ఈ సంగతి తెలియని వాళ్ళు కూడా దాన్ని చదువుతారని మాకు తోచలేదు.

మా అత్తయ్యగారి అక్క కొడుకు దాన్ని ఫొటో తీసి నలుగురికి పంపాడు. ఆ నలుగురూ నలభై మందికి పంపారు. మావారితో పనిచేసే తెలుగాయనకి ఒకటి చేరింది. ఆయన సరదాకి క్యాంటీన్లో చూపించాడు. ఫోన్లే ఇప్పుడు అక్షరాల్ని అనువాదం చేసేస్తున్నాయి కదా.

డీజిల్ లేదన్న ఫోన్ వచ్చిన మర్నాడు, శనివారం మధ్యాహ్నం, మళ్ళీ చేశారు.

"మన ఫ్లెక్సీ ఇక్కడికొచ్చింది."

"ఏ ఫ్లెక్సీ అండీ?"

"నేను సూటేసుకుని చేతులు కట్టుకున్నది. నాకు సూటెక్కడిదోయ్?"

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.

"వీళ్ళు నిజమనుకున్నారు. చమురు కనిపెట్టిన మనిషి నేనేనట. మా అందరి పాస్‌పోర్టులూ భద్రంగా ఉంచుతామని పట్టుకెళ్ళారు. రేపు రాజధానిలో పెద్ద సభ. మంత్రి పక్కన నిలబడి, నేనే కనిపెట్టాను, దండిగా ఉంది అని చెప్పాలట. చెబితే పాస్‌పోర్టు ఇచ్చి పంపించేస్తారు."

"చెప్పేయండి," అన్నాను వెంటనే. "మీ నోటి మాటతో భూమిలో ఉన్నది మారిపోతుందా ఏంటి? చెప్పేసి ఇంటికి రండి."

"టాంకర్లు ఎందుకు ఆపారు? ఉందని వీళ్ళన్నందుకే కదా. రాళ్ళు చూసినవాడు కూడా ఉందంటే, సరస్సు దగ్గరికి రెండువైపులా సైన్యం వస్తుంది. ఒడ్డునంతా జాలర్ల పల్లెలే."

"లేదని చెబితే?"

"లేదని నాకు మాత్రం ఏం తెలుసు? పైగా అలా అన్నవాణ్ణి ఎందుకు పంపిస్తారోయ్?"

పిల్లలిద్దరూ గుమ్మం దగ్గర నిలబడి నా మొహం చూస్తున్నారు. ఫోన్‌ని ఇంకో చెవికి మార్చుకుని, "తిన్నారా?" అని అడిగాను.

ఊరికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మావయ్యగారు "ఆహా" అన్నారు, అంతే. ఆ తరవాతి కథ అత్తయ్యగారు చెప్పారు. మండుటెండలో నిచ్చెన వేసుకుని, ఎవరినీ పిలవకుండా, కొడవలితో తాళ్ళు కోసి ఫ్లెక్సీ దింపేశారట.

"ఊళ్ళో వాళ్ళంతా తండ్రీకొడుకులకి చెడిందనుకుంటున్నారమ్మాయ్. దాన్ని తెచ్చి పశువుల పాకకి కప్పారు, బొమ్మ లోపలికి పెట్టి. గేదె తలెత్తితే మీ ఆయన మొహమే. పాలు తీస్తుంటే నాకు నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది."

ఆ సాయంత్రం కూర పొయ్యి మీద పెట్టి నేను అత్తవారి నడిమి చేనులోకి వెళ్ళిపోయాను, మనసులో. ఆ పొలం అన్నివైపులా వేరేవాళ్ళ పొలాల మధ్య ఉంది. దానికి రోడ్డు లేదు. విత్తనం లోపలికి వెళ్ళాలన్నా, పంట బయటికి రావాలన్నా తూర్పు రైతు గట్టు మీదుగానే. కోత మిషన్ తేవాలంటే ముందు ఆయన చేను ఖాళీ అవ్వాలి. పెళ్ళయిన మొదటి ఏడు కోతలప్పుడు నన్ను సరదాగా తీసుకెళ్ళారు. మంచు ఇంకా విడలేదు. కుప్పలు తెల్లటి పొగలో ఏనుగుల్లా పడుకుని ఉన్నాయి. గట్టు మీద నిలబడి నేను గట్టిగా, "ఈసారి ఎన్ని బస్తాలవుతాయండీ?" అని అడిగాను. అందరి మాటలూ ఆగిపోయాయి. అత్తయ్యగారు నా మోచెయ్యి గిల్లారు. తూర్పు గట్టు మీద ఆ రైతు వేపపుల్ల నములుతూ వింటున్నాడు.

"ఏం బావా, బాగా పండినట్టుందే?" అన్నాడు మావయ్యగారితో.

"ఏమోలే బావా. ఇంకా తూర్పారబట్టలేదుగా," అన్నారు మావయ్యగారు.

నడిమి చేను వాళ్ళు ధాన్యం రోడ్డెక్కేదాకా పంట సంగతి పైకి అనరు. బాగుందంటే దారి ఇచ్చేవాడికి ఆశ పుడుతుంది, బాగాలేదంటే షావుకారు మొహం చాటేస్తాడు. అందుకని ఎవరడిగినా ఆ ఒక్క మాటే. ఇప్పుడు చేటతో గాలికి తూర్పారబట్టేవాళ్ళు ఎవరూ లేరు, మిషన్లొచ్చాయి. మాట మాత్రం మిగిలింది. అడిగినవాడికీ దాని అర్థం తెలుసు, తగాదా పడడు. ఒక దేశం మొత్తం నడిమి చేనైతే ఏం చేస్తుందో నాకు తెలియదు. ఆ అధ్యక్షుడి మోచెయ్యి గిల్లే మనిషి పక్కన లేకపోయిందే అనిపించింది. కూర అడుగంటింది.

ఆదివారం సభని వాళ్ళ చానల్ వాళ్ళు నెట్‌లో పెట్టారు. ముగ్గురం మంచం మీద ఫోన్ చుట్టూ చేరాం. వేదిక అంతా ఎర్రజెండాలు, పూలు. జనం, జనం వెనక దుమ్ము, దుమ్ము వెనక చెట్లు లేని కొండలు. మావారికి ఎవరిదో కోటు వేశారు. చేతులు లోపలే ఉండిపోయాయి, వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"నాన్న ఎందుకు నవ్వట్లేదు?" అంది చిన్నది.

"ఎండగా ఉంది కదమ్మా," అన్నాను.

మంత్రి ఆయన భుజం మీద చెయ్యి వేసి మైకు ముందుకు తోశాడు. ఆయన ఏం చెబుతారో నాకు చెప్పలేదు. పెద్దదాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, నొప్పి అంది. ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా మొదలుపెట్టారు. మా నాన్న రైతు. పంట కుప్ప వేసి ఉన్నప్పుడు ఎంతైందని ఎవరైనా అడిగితే ఆయన ఒక మాట చెబుతాడు. ఇంకా తూర్పారబట్టలేదు అంటాడు. నేనూ ఈ నేల గురించి ఈ రోజు అదే చెబుతున్నాను. అంతే. వెనక్కి జరిగి నిలబడ్డారు.

అనువాదం చేసే ఆవిడ పెద్దావిడ, బడి పంతులమ్మలా ఉంది. ఆవిడ ఆయనకేసి ఒకసారి చూసి, తమ భాషలో చెప్పింది. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు కొందరు నవ్వారు. ఒకామె రెండు చేతులూ ఎత్తి, గాలిలో చేట చెరిగినట్టు చెరిగి చూపించింది. పక్కనున్న వాళ్ళూ చెరిగారు. అంత జనంలో, ఆ ఎండలో, ఖాళీ చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. అక్కడ లేని పొట్టు ఎగిరిపోతున్నట్టే ఉంది. నేను ఏ దేశంలో ఉన్నానో కాసేపు మర్చిపోయాను. మంత్రికి పంట, కుప్ప అన్న మాటలే వినబడ్డాయేమో, గట్టిగా చప్పట్లు కొట్టి ఆయన్ని కావలించుకున్నాడు.

సోమవారం సాయంత్రానికి పాస్‌పోర్టు చేతికొచ్చింది. మంగళవారం ఉదయానికి అక్కడి పత్రికొకటి, చమురు కనిపెట్టిన మనిషి చమురు ఉందని అనలేదే అని రాసింది. కంపెనీ వాళ్ళు ఆయనకి ఫోన్ చేసి, ఉద్యోగం గురించి తరవాత మాట్లాడదాం, ముందు వెళ్ళిపో అన్నారు. రాజధాని విమానాశ్రయంలో విమానాలకి పోసే ఇంధనం కూడా అయిపోయింది. తూర్పు రోడ్డు మూతబడి ఉంది. మిగిలింది పడమటి దారి, ఎడారి మీదుగా ఇంకో దేశంలోకి. "టమాటా లారీలో చోటు దొరికింది. దారిలో సిగ్నల్ ఉండదు," అని పెట్టిన సందేశమే ఆఖరిది.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో విడివిడిగా గుర్తులేవు. యూనిఫాంలు ఇస్త్రీ చేశాను. క్యారేజీలు కట్టాను. కాలువ గట్టున ఆటో కోసం నిలబడి నీళ్ళకేసి చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం కునుకులో కల వచ్చింది. కృష్ణ బ్యారేజీ దాటి వస్తోంది, కిందికి వెళ్తోంది, హంసలదీవి దగ్గర సముద్రం లేదు. ఉండవలసిన చోట ఎవరిదో కంచె ఉంది. నది కాసేపు నిలబడి, ఎవరినీ ఏమీ అనకుండా వెనక్కి తిరిగి, అరటితోటల్లోంచి, చేపల చెరువుల మీంచి మా వీధిలోకి వచ్చి మెట్ల దగ్గర ఆగింది. గుమ్మంలో నిలబడి నేను దాన్ని లోపలికి రమ్మనాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. లేచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి.

పక్కదేశపు టీవీ ఆయన ఫొటో వేసింది, ఫ్లెక్సీలో సూటు ఫొటోయే. మన సరస్సులో చమురు దొంగిలించిన విదేశీయుడు అని కింద రాశారట. తనిఖీల దగ్గర ఎవరైనా గుర్తుపడితే? రాజధాని నుంచి వెనక్కి తీసుకురమ్మని కబురొస్తే? వంట చేస్తున్నా, దుప్పట్లు ఉతుకుతున్నా ఈ రెండే. పెద్దదాన్ని స్కూల్లో ఆయిల్ పాప అంటున్నారు. సోమవారం ప్రార్థన దగ్గర మైకులో నాన్న గురించి మాట్లాడమని టీచరు చెప్పారట. దానికి సంతోషంగానే ఉంది.

"ఏం చెప్పనమ్మా?"

"ఆలోచిద్దాం," అంటూ వచ్చాను. నిజం చెబితే ఆ మాట తిరిగి ఎక్కడికి చేరుతుందో. ఒక ఫ్లెక్సీయే అంత దూరం నడిచింది. ఆయన సరిహద్దు గీత దాటేదాకా పిల్లల నోట ఏ మాటా పెట్టదల్చుకోలేదు. ఆదివారం పొద్దుగూకే వేళ చిన్నది నా ఒళ్ళో పడుకుని, "నాన్నకి దారి తెలుసా?" అంది. తెలుసన్నాను. నాకు తెలియదు, ఆయనకీ తెలిసి ఉండదు.

సోమవారం తెల్లవారుతుంటే, పాల ప్యాకెట్లు గుమ్మంలో పడ్డ చప్పుడుకి లేచాను. ఫోన్ మీద సందేశం ఉంది. "దాటాను. ఇక్కడ టీ బాగుంది. రాత్రికి బస్సు, తరవాత విమానం. పిల్లలకి చెప్పు." ఎన్నిసార్లు చదివానో. అత్తయ్యగారికి ఫోన్ చేస్తే అవతల గేదె అరిచింది, మావయ్యగారు "ఏంటి, ఏంటి" అంటున్నారు.

రిబ్బన్లు కట్టడానికి పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. పెద్దది వెంటనే అడిగింది. "ఇవాళే కదమ్మా మైకులో. నాన్న ఆయిల్ కనిపెట్టారని చెప్పెయ్యనా?"

"కనిపెట్టలేదు తల్లీ," అన్నాను. "భూమి లోపల్నుంచి వచ్చిన రాళ్ళని కడిగి చూశారు. కొన్ని మెరిశాయి. మెరిస్తే చాలదు, ఇంకా తవ్వి చూడాలి. ఈలోపే పెద్దవాళ్ళు తొందరపడి దొరికిందని చెప్పేశారు. నాన్న ఆ అబద్ధం చెప్పలేదు. అందుకే ఆ ఉద్యోగం ఇంక ఉండదు. రాత్రికి బస్సెక్కుతున్నారు, వచ్చేస్తున్నారు. మైకులో ఇంతే చెప్పు. భయపడకు."

చిన్నది అడిగింది. "మరి అక్కడి పిల్లలకి ఆయిల్ ఉందా, లేదా?"

"నాకు తెలీదమ్మా," అని చెప్పాను. "వాళ్ళకీ ఇంకా తెలీదు. ఉంటే బావుండును."